అతుక్కోని ఎముకకు షాక్ వేవ్ చికిత్స



ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఐదేళ్లు ఉండి చదువుకున్నాను. ఇప్పుడు ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చివరి సంవత్సరంలో ఉన్నాను. మా ఇంటిలో డిగ్రీ పట్టా తెచ్చుకున్నది నేనే మొదలు. వార్షికోత్సవ సంచికకు సైన్సు పాఠం ఒకటి రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు, పుస్తకంలోంచి ఎత్తి రాయడం కంటే మా ఇంట్లో అవసరం పడి నేర్చుకున్న పాఠమే రాస్తే మేలనిపించింది.

మా నాయన సెంట్రింగ్ పని చేసేవాడు. రెండేళ్ల కిందట మొదటి అంతస్తు కర్రల మీద నుంచి జారి పడ్డాడు. మోకాలి కింద ఉండే పెద్ద ఎముక విరిగింది. దాన్ని డాక్టర్లు టిబియా అంటారు. మన జీవశాస్త్రంలో అంతర్జంఘిక అని చదువుకుంటాం. ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. నెలన్నర కాగానే దురద, బరువు భరించలేక నాయన ఆ కట్టు తీయించేసి, పక్క ఊరిలో ఒక పెద్దాయన దగ్గర నాటు కట్టు కట్టించుకున్నాడు. నొప్పి తగ్గింది కదా అని మళ్లీ ఎక్స్‌రే తీయించలేదు. పది నెలలు గడిచినా కాలు మోపితే విరిగిన చోట కదులుతున్నట్టే ఉండేది. ఊళ్లో ఒకరు దిష్టి అన్నారు. ఇంకొకరు ఎముకలో సత్తువ లేదన్నారు.

అప్పుడు నేను యూనివర్సిటీ లైబ్రరీలో వెతికితే షాక్ వేవ్ చికిత్స అనే మాట కనబడింది. ఫోన్లో అమ్మకు చెప్పగానే, "కాలికి కరెంటు పెడతారా? వద్దు నాయనా, ఉన్న కాలు కూడా పోతుంది" అని ఏడ్చింది. అమ్మకు తెలియదని నేను నవ్వాను. కాని నాకు తెలిసింది కూడా సగమేనని తర్వాత అర్థమైంది. ఆ సంగతి చివర చెబుతాను. ముందు పాఠం చూద్దాం.

1. ఎముక ఎలా అతుక్కుంటుంది?

విరిగిన చెంబుకు మాటు వేస్తే ఆ మాటు ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది. ఎముక అలా కాదు. ఎముక ప్రాణమున్న కణజాలం. చర్మం తెగితే మచ్చ మిగులుతుంది గాని, ఎముక సరిగ్గా అతికితే మళ్లీ ఎముకే తయారవుతుంది.

ఈ పని నాలుగు మెట్లలో జరుగుతుంది. మొదట విరిగిన చోట రక్తం చేరి గడ్డ కడుతుంది. ఆ గడ్డ చెడ్డది కాదు. బాగుచేసే కణాలకు పిలుపు వెళ్లేది అక్కడి నుంచే. రెండో మెట్టులో, అంటే కొన్ని వారాలలో, రెండు ముక్కల మధ్య మృదులాస్థి వంటి మెత్తని వంతెన ఏర్పడుతుంది. దీన్ని కాలస్ అంటారు. మూడో మెట్టులో ఆ మెత్తని కాలస్‌లోకి కొత్త రక్తనాళాలు పాకి, కాల్షియం చేరి, అది గట్టి ఎముకగా మారుతుంది. నాలుగో మెట్టు చాలా నెమ్మది. ఎక్కువగా పెరిగిన ఎముకను శరీరమే అరగదీసి పాత రూపానికి తెస్తుంది. దీనికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

పెద్దవాళ్లలో టిబియా అతకడానికి సుమారు నాలుగు నెలలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. కనుక నెలన్నరకే కట్టు తీయడమంటే, వంతెన మీద సిమెంటు ఆరకముందే లారీ ఎక్కించడం వంటిది.

2. కొన్ని ఎముకలు ఎందుకు అతకవు?

అనుకున్న కాలంలో అతకక మెల్లగా సాగేదాన్ని ఆలస్యపు అతుకు అంటారు. తొమ్మిది నెలలు దాటి, చివరి మూడు నెలల ఎక్స్‌రేలలో ఏ ముందడుగూ కనబడకపోతే దాన్ని నాన్ యూనియన్, అంటే అతుక్కోని ఎముక, అంటారు.

కారణాలు ముఖ్యంగా ఇవి:

(అ) విరిగిన చోట కదలిక ఎక్కువగా ఉండడం. అల్లుతున్న కాలస్ మళ్లీ మళ్లీ తెగిపోతుంది.

(ఆ) రక్త ప్రసరణ తక్కువగా ఉండడం. టిబియా కింది భాగం మీద కండ చాలా తక్కువ. ముంగాలు మీద వేలు పెట్టి చూడండి, చర్మం కిందే ఎముక తగులుతుంది. అందుకే అక్కడ విరిగితే ఆలస్యం ఎక్కువ.

(ఇ) చర్మం చీలి ఎముక బయటపడడం, చీము పట్టడం.

(ఈ) ముక్కల మధ్య సందు ఎక్కువగా ఉండడం.

(ఉ) పొగతాగడం, అదుపులో లేని మధుమేహం, పోషకాహారం లేకపోవడం. బీడీలోని నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. మా నాయన రోజుకు ఒక కట్ట బీడీలు తాగేవాడు. ఇది ఎముకకు సంబంధించిన విషయమని మాకెవరికీ తోచలేదు.

అతుక్కోని ఎముకల్లో రెండు రకాలున్నాయి. ఈ తేడా ముందుకు చాలా అవసరం, జాగ్రత్తగా చదవండి. మొదటి రకంలో రక్తం బాగానే అందుతుంది, కాలస్ కూడా బాగా పెరుగుతుంది, కాని కదలిక వల్ల రెండు వైపులా కలవవు. ఎక్స్‌రేలో ఎముక చివరలు ఏనుగు పాదంలా వెడల్పుగా కనబడతాయి. రెండో రకంలో కాలస్ పుట్టనే పుట్టదు. చివరలు సన్నబడి, మొద్దుబారి కనబడతాయి. మొదటిది పని చేస్తూ దారి తప్పిన ఎముక. రెండోది పనే మానేసిన ఎముక.

3. షాక్ వేవ్ అంటే కరెంటు కాదు

షాక్ అనే మాట వినగానే మనకు కరెంటు తీగ గుర్తుకొస్తుంది. ఇక్కడ షాక్ అంటే దెబ్బ. తెలుగులో ఆఘాత తరంగం అనవచ్చు. ఇది శబ్దానికి దగ్గరి చుట్టం. రోగి శరీరంలోకి విద్యుత్తు వెళ్లదు.

క్వారీలో రాయి పేల్చినప్పుడు దూరంగా ఉన్న ఇంట్లో కూడా గిన్నెలు అదురుతాయి. పిడుగు పడినప్పుడు మెరుపు చుట్టూ గాలి ఒక్కసారిగా వేడెక్కి వ్యాకోచించి ఉరుముగా మనల్ని చేరుతుంది. చెరువులో తూటా పేలిస్తే, ముక్క తగలని చేప కూడా తేలిపోతుంది. ఈ మూడింటిలోనూ మొదట పుట్టేది ఒక పీడన తరంగమే.

మామూలు శబ్దంలో పీడనం నున్నగా పెరిగి తగ్గుతూ ఉంటుంది. ఆఘాత తరంగంలో పీడనం సెకనులో వంద కోట్ల వంతుల్లో కొన్ని వంతుల కాలంలోనే వందల వాతావరణ పీడనాలకు ఎగబాకుతుంది. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుందని చదువుకున్నాం కదా. ఆ లెక్కన 500 వాతావరణాలంటే సముద్రంలో 5 కిలోమీటర్ల లోతున ఉండే పీడనం. అంత పీడనం ఒక చిన్న చోట, సెకనులో లక్షో వంతు కంటే తక్కువ కాలం ఉండి పోతుంది. అంత తక్కువ సేపు కాబట్టే శరీరం తట్టుకోగలుగుతుంది.

మరి చర్మాన్ని, కండను దాటి ఎముక దగ్గరే ఆ దెబ్బ ఎలా తగులుతుంది? ఇక్కడ మన గణితం పనికొస్తుంది. ఇంటర్లో దీర్ఘవృత్తం చదివేటప్పుడు దానికి రెండు నాభులు ఉంటాయని, ఒక నాభి నుంచి బయలుదేరిన కిరణం ఏ వైపు వెళ్లి తగిలినా రెండో నాభికే చేరుతుందని చెబుతారు. ఇదెందుకు చదవాలి అని మేము విసుక్కునేవాళ్లం. యంత్రంలో దీర్ఘవృత్తాకారపు లోహపు గిన్నె ఉంటుంది. అందులో నీరు నింపి మొదటి నాభి దగ్గర నిప్పురవ్వ పుట్టిస్తారు. తరంగాలు గిన్నె గోడకు తగిలి తిరిగి, రెండో నాభి దగ్గర కలుసుకుంటాయి. ఆ రెండో నాభి సరిగ్గా విరిగిన చోటుకు వచ్చేలా కాలును అమరుస్తారు. విద్యుదయస్కాంత తీగచుట్టతోను, పీజో విద్యుత్ స్ఫటికాలతోను తరంగాలు పుట్టించే యంత్రాలు కూడా ఉన్నాయి.

యంత్రానికీ చర్మానికీ మధ్య జిగురువంటి జెల్ పూస్తారు. ఎందుకంటే, తరంగం నీటిలోంచి కండలోకి సులభంగా వెళుతుంది, ఆ రెండూ దాదాపు ఒకే తీరు కనుక. మధ్యలో గాలి ఉంటే మాత్రం ఇంచుమించు అంతా వెనక్కి తిరిగిపోతుంది. ఊపిరితిత్తులు దారిలో ఉంటే ఈ చికిత్స చేయకూడదనడానికి కారణం కూడా ఇదే. కండకూ గాలికీ మధ్య సరిహద్దులో తరంగం తన శక్తినంతా వదిలి గాయం చేస్తుంది.

4. రాళ్లు పగలగొట్టే యంత్రం ఎముక దగ్గరికి ఎలా వచ్చింది?

ఈ కథ జర్మనీలో విమానాలతో మొదలైంది. డోర్నియర్ అనే విమానాల కంపెనీ ఇంజనీర్లు, అతి వేగంగా పోయే విమానాలకు వాన చినుకులు తగిలితే లోహం లోపల ఎందుకు దెబ్బతింటుందో పరిశీలిస్తూ ఆఘాత తరంగాల మీద పని చేశారు. పైన చెక్కుచెదరకుండా లోపల వస్తువును పగలగొట్టగలిగితే, కిడ్నీలో రాయినీ అలాగే పగలగొట్టవచ్చు కదా అనే ఆలోచన దాని నుంచే పుట్టింది. ఏళ్ల తరబడి జంతువుల మీద ప్రయోగాలు చేసిన తర్వాత 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో క్రిస్టియన్ షాసీ అనే డాక్టరు బృందం మొదటిసారిగా ఒక రోగికి కత్తి పెట్టకుండా కిడ్నీ రాయిని పగలగొట్టింది. ఆ రోజుల్లో రోగిని పెద్ద నీళ్ల తొట్టిలో ఉంచి చికిత్స చేసేవారు.

దారిలో ఉన్న తుంటి ఎముకకు ఈ తరంగాలు హాని చేస్తాయేమోనని తర్వాత పరిశీలించారు. హానికి బదులు కొత్త ఎముక పుట్టే సూచనలు కనబడ్డాయి. 1980 దశకం మధ్య నుంచి జంతువుల ఎముకల మీద ఈ పరిశోధనలు సాగాయి. 1991లో బల్గేరియాకు చెందిన వాల్చనోవ్, మిహైలోవ్ అనే డాక్టర్లు మనుషులలో ఆలస్యంగా అతికే, అసలు అతకని ఎముకలకు ఈ చికిత్స చేసి ఫలితాలు ప్రకటించారు. 82 మందిలో 70 మందికి ఎముక అతికింది.

హాని జరిగిందేమోనని వెతికితే మేలు కనబడడం సైన్సులో అరుదేమీ కాదు. కాని అది వెతికినవాడి కంటికే కనబడుతుంది.

5. ఎముక లోపల ఏమి జరుగుతుంది?

మొదట్లో డాక్టర్లు, ఈ తరంగం ఎముకలో కంటికి కనబడని చిన్న చిన్న పగుళ్లు చేస్తుందని, శరీరం దాన్ని కొత్త గాయంగా భావించి మళ్లీ పని మొదలుపెడుతుందని అనుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది చెప్పే వివరణ వేరు. కణాలకు స్పర్శ తెలుస్తుంది. లాగినా, నొక్కినా, అదిరించినా కణం పొర ఆ యాంత్రిక సంకేతాన్ని రసాయన సంకేతంగా మారుస్తుంది. నడిచే వాడి ఎముక గట్టిపడడం, మంచం పట్టిన వాడి ఎముక పలచబడడం కూడా దీనివల్లే.

ఆఘాత తరంగం తగిలిన చోట నైట్రిక్ ఆక్సైడ్, కొత్త రక్తనాళాలను పెంచే వి.ఇ.జి.ఎఫ్., ఎముకను పెంచే బి.ఎం.పి. వంటి పదార్థాలు ఎక్కువవుతాయని కణాల మీద, జంతువుల మీద చేసిన ప్రయోగాలలో గమనించారు. అంటే తరంగం తానుగా ఎముకను అతికించదు. ఆగిపోయిన పనివాళ్లను తట్టి లేపుతుంది. అతికించే పని శరీరానిదే.

6. చికిత్స ఎలా చేస్తారు?

ముందుగా ఎక్స్‌రేతో విరిగిన చోటును గుర్తించి యంత్రాన్ని అక్కడికి గురి పెడతారు. పెద్ద నరాలు, రక్తనాళాలు దారిలో లేకుండా చూస్తారు. ఎక్కువ శక్తితో చేసేటప్పుడు నొప్పి ఉంటుంది కనుక మత్తు ఇస్తారు. కొన్ని వేల దెబ్బలు వేస్తారు. సెకనుకు నాలుగు చొప్పున 4000 దెబ్బలకు ఎంత సమయం పడుతుందో మీరే లెక్క కట్టండి. సుమారు 17 నిమిషాలు వస్తుంది. కొన్ని ఆసుపత్రుల్లో ఒకేసారి చేసి వదిలేస్తారు, కొన్నిచోట్ల వారానికోసారి చొప్పున కొన్ని సార్లు చేస్తారు.

చికిత్స తర్వాత చర్మం కందడం, వాపు, చిన్న రక్తపు మచ్చలు రావచ్చు. కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది తర్వాత చేయవలసిన పని. కొత్తగా విరిగిన ఎముకకు కట్టు వేసినట్టే మళ్లీ కట్టు వేసి కదలకుండా ఉంచాలి. తరంగం తట్టి లేపాక కూడా కాలు కదుపుతూ ఉంటే పుట్టిన కొత్త కాలస్ మళ్లీ తెగుతుంది. ఖర్చు చేసినదంతా వృథా అవుతుంది.

7. ఫలితాలు ఏమి చెబుతున్నాయి?

ఆస్ట్రియాలోని వియన్నాలో వోల్ఫ్‌గాంగ్ షాడెన్ బృందం 2001లో 115 మంది ఫలితాలు ప్రకటించింది. వారిలో సుమారు 76 శాతం మందికి ఎముక అతికింది. అదే ఏడు తైవాన్‌లో చింగ్ జెన్ వాంగ్ బృందం 72 మందిని పరిశీలించింది. మూడు నెలలకు 40 శాతం, ఆరు నెలలకు 61 శాతం, ఏడాదికి 80 శాతం మందికి అతికింది. ఈ మూడు అంకెలను చూస్తే ఓపిక విలువ తెలుస్తుంది. మూడు నెలలకే పనికిరాదని వదిలేసిన వారు, మిగతా 40 శాతంలో ఉండేవారేమో!

ఇక్కడ మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇలా అతికినవాటిలో కొన్ని ఏ చికిత్సా లేకుండానే అతికేవి కావచ్చు కదా? పోల్చి చూడడానికి మరో బృందం లేకపోతే ఈ సందేహం తీరదు. 2009లో ఇటలీకి చెందిన ఆంజెలో కక్కియో బృందం 126 మందిని చీటీ తీసినట్టుగా మూడు బృందాలుగా విడదీసింది. రెండు బృందాలకు వేర్వేరు శక్తులతో తరంగ చికిత్స, మూడో దానికి ఆపరేషన్. తరంగ చికిత్స వారానికోసారి నాలుగు సార్లు, ప్రతిసారీ 4000 దెబ్బలు. ఆరు నెలలకు తరంగ బృందాలలో 70, 71 శాతం, ఆపరేషన్ బృందంలో 73 శాతం అతికాయి. అంటే ఇంచుమించు సమానం. అయితే వారందరివీ పైన చెప్పిన మొదటి రకం, ఏనుగు పాదం వంటి ఎముకలు. అంకెను చదివితే చాలదు, ఆ అంకె ఎవరిదో కూడా చదవాలి.

8. ఎవరికి పనికిరాదు?

ముక్కల మధ్య సందు 5 మిల్లీమీటర్లు దాటితే ఫలితం తక్కువ. చివరలు సన్నబడిన రెండో రకంలో కూడా తక్కువే. చీము పట్టి ఉంటే ముందు దాన్ని నయం చేయాలి. వంకరగా అతికే ఎముకను తరంగం సరిచేయలేదు. గర్భిణులకు, తరంగం పడే చోట కాన్సర్ గడ్డ ఉన్నవారికి, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవారికి ఇలా ఎక్కువ శక్తితో చేయరు. మెదడు, వెన్నుపాము మీద పడకూడదు. పిల్లల ఎముకల చివర పెరిగే పొర ఉంటుంది, దాని మీద కూడా పడకూడదు.

మరో ముఖ్య విషయం. బోర్డు మీద షాక్ వేవ్ అని రాసిన యంత్రాలన్నీ ఒకటి కావు. రేడియల్ అనే రకంలో గాలి ఒత్తిడితో ఒక చిన్న లోహపు ముక్క వెళ్లి చర్మం మీది మొనను కొడుతుంది. ఆ పీడనం నెమ్మదిగా పెరుగుతుంది, చర్మం దగ్గర ఎక్కువగా ఉండి లోతుకు పోయే కొద్దీ తగ్గిపోతుంది. మడమ నొప్పి, స్నాయువుల నొప్పి వంటి వాటికి దాన్ని వాడతారు. పైన చెప్పిన ఎముక పరిశోధనలన్నీ తరంగాన్ని ఒకచోట కేంద్రీకరించే మొదటి రకం యంత్రాలతో చేసినవి.

9. మా నాయన ఎక్స్‌రే

ఇప్పుడు చివర చెబుతానన్న సంగతి. నేను 76 శాతం, 80 శాతం అనే అంకెలు చూసి సంబరపడ్డాను. పట్నంలో ఒక క్లినిక్ బోర్డు మీద షాక్ వేవ్ అని చూసి వెళ్లి అడిగాను. ఎక్స్‌రే కూడా చూడకుండానే, ఆరు సార్లు చేయించుకుంటే సరిపోతుందన్నారు, ఒక్కోసారికి పదిహేను వందలు. అమ్మ కమ్మలు కుదువ పెడదామని కూడా అనుకున్నాం.

మా ఎం.ఎస్సీ. సార్ ఒకరు, "డబ్బు కట్టే ముందు ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించరా" అన్నారు. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి కొత్త ఎక్స్‌రే తీయించాం. నేను చదివిన కాగితాలు డాక్టరు గారి ముందు పెట్టాను. ఆయన విసుక్కోలేదు. ఎక్స్‌రేను లైటుకు పెట్టి స్కేలుతో కొలిచి చూపించారు. సందు దాదాపు 9 మిల్లీమీటర్లు ఉంది. చివరలు సన్నబడి ఉన్నాయి. "నువ్వు చదివింది తప్పు కాదు బాబూ. ఆ చికిత్స ఉంది. కాని ఈ ఎముకకు కాదు" అన్నారు. తర్వాత నాయన వైపు తిరిగి, "పెద్దాయనా, ముందు ఆ బీడీ మానెయ్" అన్నారు.

తుంటి నుంచి కొంచెం ఎముక తీసి సందులో నింపి, ప్లేటు వేసి ఆపరేషన్ చేశారు. ఏడు నెలలకు అతికింది. ఇప్పుడు నాయన కర్ర లేకుండా నడుస్తున్నాడు. సెంట్రింగ్ పని మానేశాడు, ఒక గోడౌన్‌లో వాచ్‌మన్‌గా ఉన్నాడు. అమ్మ కమ్మలు అమ్మ చెవులకే ఉన్నాయి. నాటు కట్టు కట్టిన పెద్దాయనను నేను తప్పు పట్టను. అలాంటి కట్టుతో అతికిన కాళ్లు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. కాని లోపల సందు ఎంత ఉందో చేతి వేళ్లకు తెలియదు, ఎక్స్‌రేకు తెలుస్తుంది.

అమ్మ షాక్ అంటే కరెంటు అనుకుంది. నేను షాక్ వేవ్ అంటే ప్రతి ఎముకకూ మందు అనుకున్నాను. ఇద్దరిలో ఎవరి పొరపాటు ఎక్కువ ఖరీదైనదో మీరే చెప్పండి.

10. గుర్తుంచుకోవలసినవి

* నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు. డాక్టరు చెప్పిన తేదీకి ఎక్స్‌రే తీయించాలి.
* పాత ఎక్స్‌రేలు పారేయవద్దు. తేదీ వేసి దాచాలి. ముందడుగు ఉందా లేదా అని తెలిసేది వాటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే.
* కట్టు బిగువై వేళ్లు నల్లబడినా, మొద్దుబారినా, నొప్పి భరించలేనంత పెరిగినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.
* ఎముక అతికే దాకా బీడీ, సిగరెట్టు ముట్టరాదు. పప్పు, గుడ్డు, పాలు తప్పక ఇవ్వాలి.
* షాక్ వేవ్ చికిత్స అని ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు అడగండి. మా ఎముక ఏ రకం? సందు ఎంత? యంత్రం ఏ రకం?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన ఇళ్లలో ఆసుపత్రి కాగితం వస్తే దాన్ని చదివి చెప్పవలసింది మనమే. ఆ కాగితం చదవగలిగేంత చదువు మనకు ఈ హాస్టల్ ఇస్తోంది. అయితే సగం చదివి ఆగవద్దు. తెలియనిది తెలిసినవారిని అడగడానికి సిగ్గుపడవద్దు. భౌతికశాస్త్రం, గణితం, జీవశాస్త్రం వేర్వేరు పీరియడ్లలో చెబుతారు గాని, మా నాయన కాలి దగ్గరకు వచ్చేసరికి అవన్నీ ఒకే పాఠమయ్యాయి.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

మీ అన్నయ్య,
ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి,
ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)